మళ్ళీ అదే యూట్ కొంటారా?

"మీ యూట్ బాగుందా?" అని అడిగితే ఎవరైనా బాగుందనే చెప్తారు. అరవై డెబ్భై వేల డాలర్లు పోసి కొన్నదాన్ని నలుగురిలో బాగాలేదని ఎవరంటారు చెప్పండి! అందుకే ఈమధ్య నేను ప్రశ్న మార్చాను. "ఇవాళ ఈ బండి తీసేసుకుని, పెట్టిన డబ్బంతా మీ చేతిలో పెడితే, మళ్ళీ ఇదే కొంటారా?" అని అడుగుతున్నాను. దీనికి జవాబు అంత తొందరగా రాదు. పైగా ఒకే ఇంట్లో ఆయన చెప్పే జవాబూ ఆవిడ చెప్పే జవాబూ ఒకటి కావు.

ఆడవాళ్ళ శీర్షికలో యూట్ల గోలేమిటి అనుకోకండి. ఆస్ట్రేలియాలో 2016 నుంచి 2022 దాకా, వరసగా ఏడేళ్ళు, అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన కొత్త బండి టొయోటా హైలక్స్. 2023లో ఆ స్థానం ఫోర్డ్ రేంజర్‌కి పోయింది, 2024లోనూ రేంజర్‌దే. ఆ రెండేళ్ళూ ఏడాదికి అరవై వేలకు పైగా రేంజర్లు రోడ్డెక్కాయి. అవన్నీ పొలాల్లోనూ గనుల దగ్గరా లేవు. టార్నీట్‌లోనూ స్కోఫీల్డ్స్‌లోనూ సాయంత్రం వాకింగ్‌కి వెళ్తూ డ్రైవ్‌వేలు చూడండి, మీకే తెలుస్తుంది. లోను కాగితాల మీద చాలా ఇళ్ళలో మన సంతకం కూడా ఉంటుంది. వారంలో ఐదు రోజులు స్కూలుకీ స్టేషనుకీ దాన్ని తిప్పేదీ చాలాసార్లు మనమే.

అసలు యూట్ పుట్టిందే ఒక ఇల్లాలి ఉత్తరంతో. 1930ల మొదట్లో విక్టోరియాలోని గిప్స్‌లాండ్ నుంచి ఒక రైతు భార్య ఫోర్డ్ కంపెనీకి రాసిందట. కారూ ట్రక్కూ రెండూ కొనే తాహతు మాకు లేదు, ఆదివారం చర్చికి వెళ్ళడానికి, సోమవారం పందుల్ని సంతకి తోలడానికి ఒకటే బండి చేసి ఇవ్వలేరా అని. జీలాంగ్‌లో పనిచేసే లూయిస్ బాంట్ అనే కుర్ర డిజైనరు ముందు కారు, వెనక తొట్టె కలిపి గీశాడు. 1934లో ఆ బండి బయటికొచ్చింది. మన ఊళ్ళలో ఎడ్లబండి చేసిన పని కూడా ఇదే కదా. వడ్ల బస్తాలూ దానిలోనే, తిరునాళ్ళకి పిల్లాజెల్లా దానిలోనే. గడ్డి పరిచి పైన దుప్పటి వేస్తే పెళ్ళివారి బండి.

ఆవిడ అడిగింది రెండు బండ్ల పని ఒకటే చేయాలని. ఇప్పుడు మన ఇళ్ళలో యూట్ వచ్చాక అది సరిపోక ఇంకో కారు కూడా కొనాల్సి వస్తోంది. నేను అడిగినవాళ్ళ జవాబులన్నీ చివరికి ఇక్కడికే వచ్చి ఆగాయి.

ముందు "కళ్ళు మూసుకుని కొంటాను" అన్నవాళ్ళ సంగతి. వెరిబీ వైపు ఉండే ఒకావిడ భర్తది పెయింటింగ్ పని. నిచ్చెనలు, స్ప్రే మెషిను, ఇరవై లీటర్ల డబ్బాలు అన్నీ యూట్‌లోనే. లెక్కలు చూసేది ఈవిడ. "అక్కా, అది మా ఇంట్లో బండి కాదు, ఇంకో సంపాదించే మనిషి" అంది. సిడ్నీలో పార్టీలకి వంట చేసి పంపే ఒకావిడది కూడా ఇదే మాట. యాభై మంది భోజనానికి బిర్యానీ గిన్నెలు, సాంబారు డేగిసా, వార్మర్లు ఎస్‌యూవీలో సర్దితే నెల రోజులపాటు సీట్లలోంచి మసాలా వాసన పోదు. ట్రేలో పెట్టి కట్టేస్తే తర్వాత పైపుతో కడిగేసుకోవచ్చు. ఆవిడ డీజిల్ ధర గురించి విసుక్కుంది, పార్కింగ్ గురించి విసుక్కుంది, అయినా మళ్ళీ అదే కొంటానంది.

బతుకమ్మ రోజుల్లో యూట్ ఉన్నవాళ్ళ గిరాకీ చెప్పనక్కర్లేదు. నాలుగడుగుల బతుకమ్మ సెడాన్‌లో ఎక్కడ పడుతుంది! ఉగాదికి బల్లలు, వినాయకుడి నిమజ్జనానికి విగ్రహం, ఇల్లు మారేవాళ్ళ ఫ్రిజ్జూ మంచాలూ. యూట్ కొన్న మర్నాటి నుంచి స్నేహితులు పెరుగుతారు. డీజిల్ డబ్బులిచ్చే స్నేహితులు మాత్రం పెరగరు.

ఇక "మళ్ళీనా? వద్దు తల్లీ" అన్నవాళ్ళు. వీళ్ళలో ఎక్కువమంది చిన్నపిల్లల తల్లులు. నేను ఎక్కువసేపు విన్నది కూడా వీళ్ళ మాటే.

ఇక్కడి చట్టం ప్రకారం ఏడేళ్ళలోపు పిల్లలకి తగిన చైల్డ్ సీటు తప్పనిసరి, నాలుగేళ్ళలోపు వాళ్ళు వెనక సీట్లోనే ఉండాలి. ఆస్ట్రేలియా చైల్డ్ సీటుకి పైన ఒక పట్టీ ఉంటుంది, దాన్ని బండికి తగిలించాలి. మామూలు కారులో ఆ కొక్కెం ఎదురుగా కనబడుతుంది. డ్యూయల్ క్యాబ్ యూట్‌లో వెనక సీటు క్యాబ్ గోడకి ఆనుకుని ఉంటుంది కాబట్టి, చాలా మోడళ్ళలో సీటు వెనక గుడ్డ లూపులుంటాయి. పట్టీని ఒక లూపులోంచి దూర్చి పక్క లూపుకి తగిలించాలి. ఏ లూపు తర్వాత ఏది అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. మాన్యువల్ చూడకుండా చేస్తే తప్పు తగిలించే ప్రమాదం ఉంది. స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఇద్దరు పిల్లల తల్లి ఒకామె సీటు బిగించడానికి అరగంట పట్టిందనీ, అమ్మమ్మ వచ్చినప్పుడు సీటు తీసి పెట్టాల్సి వస్తే ఏడుపొచ్చిందనీ చెప్పింది. రెండు చైల్డ్ సీట్లు బిగించాక మధ్యలో పెద్ద మనిషి కూర్చునే జాగా కూడా అంతంతమాత్రమే.

అమ్మమ్మల సంగతి కూడా చెప్పుకోవాలి. ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మానాన్నల్నీ అత్తమామల్నీ గుడికి తీసుకెళ్ళాలి. పట్టుచీర కట్టుకుని, మోకాళ్ళ నొప్పులతో, అంత ఎత్తు ఎక్కాలి. పక్కన మెట్టు పలక ఉన్నా, పట్టుకునే హ్యాండిల్ ఉన్నా అది ఆవిడకి పెద్ద గండమే. ఒకావిడ నవ్వుతూ చెప్పింది, వాళ్ళత్తగారు "ఏమ్మా, ఎక్కడానికి నిచ్చెన కూడా వీళ్ళే ఇస్తారా?" అని అడిగారట. నవ్వింది కానీ, ఆ ఆరు నెలలూ పెద్దవాళ్ళని తిప్పడానికి స్నేహితురాలి కారు అడిగి తెచ్చుకున్నామని కూడా చెప్పింది.

సామాన్ల విషయం చూద్దాం. యూట్‌కి డిక్కీ లేదు. ఇండియన్ స్టోరులో ఇరవై కిలోల బియ్యం బస్తా తీసుకుంటే ట్రే అంచు మీదుగా ఎత్తి వేయాలి, లేదా బరువైన వెనక తలుపు దించాలి. మూత లేకపోతే వానకి తడుస్తుంది, మూత ఉంటే లోపలికి జారిపోయిన కూరల సంచీ అందుకోవడానికి ట్రేలోకి పాకాలి. షాపింగ్ సెంటరులో పార్కింగ్ గడి పొడవు సాధారణంగా 5.4 మీటర్లు. హైలక్స్ పొడవు సుమారు 5.3 మీటర్లు, రేంజర్ దాదాపు 5.4. టో బార్ కూడా ఉంటే ముక్కో తోకో బయటే.

పార్కింగ్, ఎత్తు, డిక్కీ కళ్ళకి కనబడేవి. జేబుకి చిల్లు పెట్టేవి కనబడవు. అందులో మొదటిది డీజిల్ జల్లెడ, డీపీఎఫ్ అంటారు. డీజిల్ పొగలోని మసిని అది పట్టి ఉంచుతుంది. బండి కాసేపు ఆగకుండా మంచి వేగంతో వెళ్తే వేడెక్కి ఆ మసిని కాల్చేసుకుని శుభ్రమవుతుంది. రోజూ రెండు కిలోమీటర్లు స్కూలుకి, మూడు కిలోమీటర్లు స్టేషనుకి, మధ్యలో కోల్స్‌కి అని తిప్పితే ఆ వేడి రాదు, మసి పేరుకుంటుంది. డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. దాన్ని పట్టించుకోకపోతే వర్క్‌షాపు బిల్లు వస్తుంది. బండి ఎక్కువగా మీ చేతిలోనే ఉంటే, వారానికోసారి ఫ్రీవే మీద ఇరవై ముప్ఫై నిమిషాలు తిప్పే పని కూడా మీదే. కొనేటప్పుడు సేల్స్‌మన్ ఆయనకి చెప్పే ఉంటాడు. ఆయన మీకు చెప్పారా అన్నది వేరే సంగతి.

ఈ డీపీఎఫ్ మీదే ఆస్ట్రేలియాలో పెద్ద కేసు నడిచింది. 2015 అక్టోబరు నుంచి 2020 ఏప్రిల్ దాకా అమ్మిన డీజిల్ హైలక్స్, ప్రాడో, ఫార్చ్యూనర్లు కలిపి 2 లక్షల 64 వేలకు పైగా బండ్లకి సంబంధించింది. మన స్కూలు ప్రయాణాలకి తిరగబడిన తంతు ఇది. ఆ బండ్లలో గంటకి వంద కిలోమీటర్ల వేగంతో నిలకడగా నడిపే అలవాటున్నవాళ్ళకే ఇబ్బంది వచ్చే లోపం ఉందని, ఫిల్టరు సరిగా శుభ్రం కాక తెల్లపొగ వంటివి వస్తాయని కోర్టులో తేలింది. 2022లో ఫెడరల్ కోర్టు, లోపం వల్ల కొన్న రోజునే బండి విలువ 17.5 శాతం తగ్గినట్టు లెక్క కట్టింది. 2023లో ఫుల్ కోర్టు దాన్ని 10 శాతానికి తగ్గించింది. 2024 నవంబరులో హైకోర్టు, ఇక్కడ అన్నిటికంటే పై కోర్టు అదే, ఆ లెక్క మళ్ళీ చూడమని ఫుల్ కోర్టుకే తిప్పి పంపింది. 2020లో కంపెనీ తెచ్చిన మరమ్మతును ఈ విలువ లెక్కలో ఎలా చూడాలన్నది అందులో ముఖ్యమైన విషయం.

60 వేల డాలర్ల బండికి 17.5 శాతం అంటే 10,500 డాలర్లు, 10 శాతం అంటే 6,000. లాయర్లకి అవి శాతాలు, మనకి మాత్రం ఇండియాకి కుటుంబమంతా వెళ్ళొచ్చే టిక్కెట్లు. గమ్మత్తేమిటంటే, ఈ కేసు నడుస్తున్న ఏళ్ళలోనే హైలక్స్ దేశంలో మొదటి స్థానంలో ఉంది. అమ్మితే ధర పలుకుతుంది, ఏ మారుమూల ఊళ్ళో ఆగిపోయినా బాగుచేసేవాళ్ళు దొరుకుతారు అన్న నమ్మకం అలాంటిది. ఆ నమ్మకాన్ని నేను తీసిపారేయను. కాకపోతే కొన్నవాళ్ళంతా మళ్ళీ కొంటున్నారు కాబట్టి లోపం లేనట్టే అనుకోకూడదు.

2011 నుంచి అమల్లో ఉన్న ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం ప్రకారం, కంపెనీ ఇచ్చే వారంటీ వేరు, కొన్న వస్తువు సరైన నాణ్యతతో ఉండాలనే హామీ వేరు. వారంటీ గడువు అయిపోయిందని చెప్పినంత మాత్రాన ఆ హామీ పోదు. పెద్ద లోపమైతే డబ్బు వాపసు గానీ వేరే బండి గానీ కోరుకునే హక్కు కొన్నవాళ్ళదే. సర్వీసు పుస్తకం, మెకానిక్‌తో నడిచిన మెసేజీలు, వెలిగిన దీపం ఫోటో దాచిపెట్టండి. మగవాళ్ళు ఇవి పారేస్తారని అనను. కానీ మన ఇళ్ళలో కాగితాలు ఎవరి దగ్గరుంటాయో మనకి తెలుసు కదా!

కనబడని ఖర్చుల్లో రెండోది పన్ను. "యూట్ కొంటే ట్యాక్స్ ఉండదు" అనే మాట ప్రతి పొట్లక్‌లోనూ వినబడుతుంది. అందులో సగమే నిజం. కంపెనీ ఉద్యోగికి ఇచ్చిన తగిన యూట్ మీద ఫ్రింజ్ బెనిఫిట్ పన్ను పడకుండా ఉండాలంటే, ఇంటినుంచి పనికి వెళ్ళిరావడం, పనికి సంబంధించిన తిరుగుడు తప్ప సొంత వాడకం ఎప్పుడో అరుదుగా, కొంచెంగా మాత్రమే ఉండాలి. మీ ఇంటి సొంత కంపెనీ అయినా, అందులో ఆయన ఉద్యోగే కాబట్టి ఇదే లెక్క. ఆ కొంచెం ఎంతో ఏటీఓ 2018లో ఇచ్చిన మార్గదర్శకంలో ఉంది. ఆ ప్రకారం నిశ్చింతగా ఉండాలంటే ఏడాదికి పూర్తిగా సొంత ప్రయాణాలు 1,000 కిలోమీటర్లు దాటకూడదు. ఏ ఒక్క సొంత ప్రయాణమూ రానూపోనూ కలిపి 200 కిలోమీటర్లు దాటకూడదు. పనికెళ్తూ దారి మళ్ళి పిల్లల్ని దింపితే ఆ చుట్టు వల్ల ప్రయాణం 2 కిలోమీటర్లకి మించి పెరగకూడదు.

ఇప్పుడు మన జీవితం మీద పెట్టి చూడండి. టార్నీట్ నుంచి క్యారమ్ డౌన్స్‌లోని శివవిష్ణు ఆలయానికి సుమారు 70 కిలోమీటర్లు, రానూపోనూ 140. ఏడుసార్లు వెళ్తే 980. కార్తీకమాసం ఒక్కటి చాలు, ఏడాది కోటా అయిపోవడానికి. మెల్‌బోర్న్ నుంచి ఫిలిప్ ఐలాండ్‌కి ఒకవైపే 140 దాకా ఉంటుంది కాబట్టి, పెంగ్విన్లని చూపించడానికి ఒక్కసారి వెళ్ళినా 200 హద్దు దాటినట్టే. దాటినంత మాత్రాన నేరం కాదు, మినహాయింపు నిలబడుతుందా లేదా అన్నది అప్పుడు వేరే రకంగా రుజువు చేసుకోవాలి. సొంత పేరున వ్యాపారం చేసుకునేవాళ్ళకి నియమాలు వేరు. మీ అకౌంటెంటుని ఇంత వివరంగా అడగండి. "యూట్‌కి ట్యాక్స్ ఉండదట కదా" అని అడిగితే ఆయన కూడా "అవునండీ" అనేస్తాడు.

మూడోది బరువు. 3,500 కిలోలు లాగుతుందని ప్రకటనలో వేస్తారు, క్యారవాన్ కలలు అక్కడే మొదలవుతాయి. బండి మీద మోయగల బరువు వేరే లెక్క. చాలా డ్యూయల్ క్యాబ్‌లకి అది టన్ను దగ్గర్లో ఉంటుంది. ఐదుగురు ఎక్కితే 350 కిలోలనుకోండి. 2,500 కిలోల క్యారవాన్ కట్టితే దాని ముక్కు బరువు, అందులో పదోవంతు, మరో 250 మన బండి మీదే పడుతుంది. బుల్ బార్, క్యానపీ, టో బార్ కలిపి 150 అనుకుందాం. 750 అయింది. ఇక నీళ్ళు, టెంటు, పిల్లల సైకిళ్ళు, మన గ్యాస్ పొయ్యి, మూడు రోజులకి సరిపడా పులిహోర... హద్దు దాటిన బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కూడా పేచీ పెట్టవచ్చు.

కొత్తవి వస్తున్నాయి కాబట్టి ఆగుదామా అని అడిగేవాళ్ళున్నారు. 2025 జనవరి 1 నుంచి కొత్త బండ్ల పొగ మీద ప్రభుత్వ ప్రమాణం అమల్లోకి వచ్చింది. కంపెనీలు తక్కువ పొగ బండ్లు తేక తప్పదు. 2024 చివర్లో వచ్చిన బీవైడీ షార్క్ 6 ఇంట్లో ప్లగ్గు పెట్టి చార్జ్ చేసుకునే హైబ్రిడ్ యూట్, పొద్దున్నే స్కూలు ప్రయాణాలకి డీపీఎఫ్ బెంగ లేదు. అయితే అది మోసేది 790 కిలోలు, లాగేది 2,500. పనివాళ్ళకి అది తక్కువ, మనకి చాలానే. ఐదారేళ్ళు వాడినవాళ్ళు ఇంకా ఎవరూ లేరు కాబట్టి, దాని విషయంలో నా ప్రశ్న అడగడానికి ఇంకా టైముంది.

మీలో ఎవరి తమ్ముడైనా ఆంధ్రాలో ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ నడుపుతుంటే, అది శ్రీసిటీలో తయారైనదే. ఇక్కడ డీ-మ్యాక్స్ మాత్రం థాయిలాండ్ నుంచి వస్తుంది. అక్కాతమ్ముళ్ళు ఫోన్లో పోట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి టాపిక్ దొరకదు.

నా అభిప్రాయం అడిగితే, ట్రేలో పడే సామానుతో ఇంట్లోకి డబ్బొచ్చే కుటుంబానికి యూటే సరైన బండి. డీపీఎఫ్ ఉన్నా, ఎత్తున్నా, పార్కింగ్ బాధలున్నా అదే మళ్ళీ కొనవచ్చు. నెలకోసారి బన్నింగ్స్‌కి, ఆర్నెల్లకోసారి తుక్కు పారేయడానికి వెళ్ళే ఇంటికైతే ఎస్‌యూవీ వెనక ఒక ఆరడుగుల ట్రైలర్ చాలు, అదీ అద్దెకి దొరుకుతుంది. ఆయనకి యూట్ అంటే ఇష్టం, అంతే, అంటారా? అదీ కారణమే. మనం నగలు లెక్కలు చూసుకునే కొంటున్నామా! కాకపోతే ఇష్టానికి కొంటున్నామని ఇంట్లో చెప్పుకుని కొనాలి. ట్యాక్సు కలిసొస్తుందని కాదు.

జూన్ నెలాఖరు ఆఫర్లు మొదలయ్యాయంటే షోరూములు శనివారాలు కిటకిటలాడతాయి. టెస్ట్ డ్రైవ్‌కి ఆయన్ని ఒక్కరినే పంపకండి. మీ రెండు చైల్డ్ సీట్లూ వెంట తీసుకెళ్ళి అక్కడే బిగించమని అడగండి. అత్తయ్యగారు ఊళ్ళో ఉంటే ఆవిడనీ తీసుకెళ్ళి ఎక్కించి చూడండి. ట్రేలో ఒక బియ్యం బస్తా వేసి, ఆ తర్వాత మీరే దాన్ని బయటికి తీయండి.